న్యోకి, సాసేజ్, ఆకుకూర: కిటుకంతా నీళ్ళ దగ్గరే

బంగాళాదుంప న్యోకి (ఉడికిన దుంప, పిండి కలిపి చేసే ఇటాలియన్ ముక్కలు), ఎర్రగా వేగిన సాసేజ్, నాలుగు గుప్పెళ్ళ ఆకుకూర, పైన తురిమిన చీజ్. అమెరికాలో, యూరప్‌లో ఉండే తెలుగువాళ్ళు చాలామంది వారం మధ్యలో రాత్రి భోజనానికి చేసుకునే వంట ఇది. హైదరాబాదులో కూడా దిగుమతి సరుకులు అమ్మే షాపుల్లో న్యోకి ప్యాకెట్లు దొరుకుతున్నాయి కాబట్టి ఇక్కడా ప్రయత్నించేవాళ్ళు ఉన్నారు. రెసిపీ చదివితే ఇందులో ఏముంది అనిపిస్తుంది. చేస్తే మాత్రం ఎక్కడో ఒకచోట చెడుతుంది. న్యోకి బంక సాగుతుంది, లేదా మరిగే నీళ్ళలో పడగానే విడిపోతుంది, సాసేజ్ వేగకుండా పాలిపోయి ఉడుకుతుంది, పాలకూర వేశాక అడుగున పచ్చటి నీళ్ళు చేరి అంతా జావైపోతుంది.

ఇవన్నీ వేర్వేరు సమస్యలన్నట్టు ఒక్కోదానికి ఒక్కో చిట్కా చెప్తుంటారు. నా ఉద్దేశంలో అన్నిటికీ మూలం ఒకటే: నీళ్ళు. ఈ వంటలో పడే ప్రతి వస్తువులోనూ నీళ్ళున్నాయి, ఒక్కోటి ఒక్కో సమయంలో వాటిని వదులుతుంది. ఏది ఎప్పుడు వదులుతుందో తెలిస్తే ఏది ముందు, ఏది తర్వాత వేయాలో మీకే తెలిసిపోతుంది, రెసిపీ కాగితం పక్కన పెట్టుకోవాల్సిన పని కూడా ఉండదు.

దుంప దగ్గర మొదలుపెడదాం, అక్కడ తప్పితే తర్వాత ఎంత జాగ్రత్తపడ్డా లాభం లేదు. పచ్చి బంగాళాదుంప బరువులో దాదాపు 80 శాతం నీళ్ళే, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం స్టార్చ్. న్యోకి అంటే ఉడికిన దుంపని మెత్తగా చేసి, దానికి పిండి ఎంత తక్కువ పడితే అంత తక్కువ కలిపి, ముక్కలు కోసి ఉడికించడం. అయితే పిండి ఎంత పట్టాలో తేల్చేది దుంపలో ఉన్న తడే. తడి ఎక్కువైతే ముద్ద చేతికి అంటుకుంటుంది, అంటుకుంటోందని ఇంకాస్త మైదా చల్లుతాం, అది చాలక మరికాస్త, చివరికి దుంప రుచి పోయి ఉడికిన మైదా ఉండలు మిగులుతాయి. కిలో దుంపలకి 250 గ్రాముల మైదా అన్న కొలత ఒకరింట్లో సరిగ్గా కుదిరి ఇంకొకరింట్లో కుదరకపోవడానికి కారణం ఇదే.

మరి తడి తక్కువున్న దుంప ఎలా తెలుస్తుంది? అమెరికాలో రసెట్ అని, బ్రిటన్‌లో మారిస్ పైపర్ లేదా కింగ్ ఎడ్వర్డ్ అని సంచి మీదే రాసి ఉంటుంది, అవి తీసుకుంటే సరిపోతుంది. మన ఊళ్ళలో బండి మీద ఆలుగడ్డకి పేరు ఉండదు, రంగూ సైజూ చూసి తెచ్చుకోవడమే. పేరు లేకపోయినా రకం మాత్రం ఉంటుంది. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ తయారుచేసిన రకాల పేర్లన్నీ కుఫ్రీతో మొదలవుతాయి, అది సిమ్లా దగ్గర ఉన్న ఊరు. వాటిలో కుఫ్రీ చిప్సోనా చిప్స్ ఫ్యాక్టరీల కోసం తయారైన రకం, నీళ్ళు తక్కువ, చక్కెర తక్కువ, న్యోకికి చక్కగా కుదురుతుంది. కుఫ్రీ పుఖ్రాజ్ బాగా కాసే పంటే గానీ అందులో తడి ఎక్కువ, కూరకి బాగుంటుంది, దీనికి మాత్రం వద్దు. సూపర్ మార్కెట్లో చిప్సోనా అని రాసిన సంచి కనిపిస్తే ఆలోచించకుండా తీసుకోండి.

పేరు తెలియనప్పుడు ఒక పరీక్ష ఉంది. పదకొండు కప్పుల నీళ్ళలో ఒక కప్పు ఉప్పు కరిగించి దుంపని అందులో వేయండి. స్టార్చ్ ఎక్కువున్న దుంప బరువుగా ఉండి మునుగుతుంది, తడి ఎక్కువున్నది తేలుతుంది. మునిగినవి న్యోకికి, తేలినవి వేపుడుకో కూరకో.

దుంప ఎక్కడ నిల్వ ఉందో కూడా చూడాలి. మన దేశంలో దుంప పంట ఎక్కువగా ఉత్తరాదిన చలికాలంలో పండుతుంది, జనవరి నుంచి మార్చి దాకా తవ్వుతారు, మిగతా ఏడాదంతా మనం తినేది చాలావరకు కోల్డ్ స్టోరేజీల్లోంచి వచ్చేదే. బాగా చల్లగా ఉన్నప్పుడు దుంప తనలోని స్టార్చ్‌ని కొంచెం కొంచెంగా చక్కెరగా మార్చుకుంటుంది. అలాంటి దుంపతో చేసిన న్యోకి తియ్యగా ఉంటుంది, పెనం మీద వేస్తే లోపల వేడెక్కేలోపే పైన నల్లబడుతుంది. తెచ్చిన దుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టకుండా గాలి తగిలే చీకటి మూలలో వారం పది రోజులు ఉంచితే ఆ తీపి కొంత తగ్గుతుంది. పల్చటి తొక్క ఉన్న లేత కొత్త దుంపలు మాత్రం ఎంత అందంగా ఉన్నా దీనికి వాడొద్దు, వాటిలో స్టార్చ్ ఇంకా సరిగ్గా చేరి ఉండదు.

ఉడికించడం దగ్గర మన ఇళ్ళలో ఒక పెద్ద ఇబ్బంది ఉంది, ప్రెషర్ కుక్కర్. దుంపల్ని నీళ్ళలో ముంచి నాలుగు విజిల్స్ రానిస్తే తొక్క పగిలి, లోపలికి నీళ్ళు దిగి, చిదిపితే ముద్ద తడితడిగా వస్తుంది. ఆలూ కూరకి అది పెద్ద లెక్కలోకి రాదు, న్యోకికి వస్తుంది. కుక్కరే వాడాలంటే అడుగున నీళ్ళు పోసి, దుంపల్ని తొక్కతోనే, కోయకుండా, పైన గిన్నెలో పెట్టి ఆవిరి మీద ఉడికించండి. గిన్నెలో ఉడికించేవాళ్ళు కూడా తొక్క తీయకుండా, చల్లటి నీళ్ళలో మొదలుపెట్టి నెమ్మదిగా ఉడికించాలి. ఒవెన్ ఉంటే అన్నిటికంటే మంచిది: 200 డిగ్రీల్లో గంటసేపు కాలిస్తే నీళ్ళు పీల్చుకునే మాటే లేదు, ఉన్న తడి కూడా ఆవిరైపోతుంది. మైక్రోవేవ్‌లో పెట్టినా ఫోర్కుతో అక్కడక్కడా పొడిచి పెడితే అదే పని త్వరగా అవుతుంది.

ఇప్పుడు బంక ఎందుకు సాగుతుందో చూద్దాం. దుంపలో స్టార్చ్ చిన్న చిన్న గింజలుగా కణాల లోపల ఉంటుంది. 60 డిగ్రీలు దాటాక ఆ గింజలు చుట్టూ ఉన్న నీళ్ళని పీల్చుకుని ఉబ్బుతాయి, కణాల మధ్య ఉన్న అతుకు కరిగి కణాలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి. ఉడికిన మంచి దుంప పొడిపొడిగా రాలడానికి కారణం అదే. ఈ కణం గోడలు చెదరనంతవరకు స్టార్చ్ లోపలే భద్రంగా ఉంటుంది. గోడ చిరిగిందో, ఆ జిగురంతా బయటికి వచ్చేస్తుంది. మిక్సీలో ఒక్క తిప్పు తిప్పినా, గరిటెతో పదే పదే నూరినా జరిగేది అదే, అలా ఒకసారి జిగురొచ్చాక దాన్ని వెనక్కి తీసుకునే మార్గం లేదు. అందుకని దుంపని వేడిగా ఉండగానే తొక్క తీసి, నూరకుండా, చిల్లుల్లోంచి నొక్కాలి. ఇటాలియన్లు దీనికి ప్రత్యేకమైన ప్రెస్ వాడతారు. మన దగ్గర జంతికల గొట్టం ఉంది, దానికి సన్న కారప్పూస బిళ్ళ వేసి దుంపని పెట్టి నొక్కితే సరిగ్గా అదే పని చేస్తుంది. వెడల్పాటి పళ్ళెంలోకి పల్చగా పడేట్టు నొక్కి, ఆవిరి పూర్తిగా పోయేదాకా వదిలేయండి. ఆ లేచే ఆవిరంతా మీరు మైదాతో పీల్చాల్సిన అవసరం లేని తడి.

గోరువెచ్చగా అయ్యాక ఉప్పు, మైదా చల్లి కలపాలి. కిలో దుంపలకి ముందు 200 గ్రాములు వేసి చూడండి, పొడిగా ఉన్న దుంపకి అది సరిపోవచ్చు, ఇంకో 50, బాగా తడి ఉంటే 100 దాకా పట్టొచ్చు, అంతకంటే పట్టిందంటే ఆ దుంప దీనికి పనికిరాదని అర్థం. కలిపేది కూడా చపాతీ పిండిలా మర్దించి కాదు, మైదాలో ఉండే గ్లూటెన్ అనే జిగురు ప్రొటీన్ సాగితే న్యోకి నమలాల్సి వస్తుంది. వేళ్ళతో దగ్గరికి నొక్కుతూ, మడుస్తూ, పొడి మైదా కనిపించకుండా ముద్ద అవగానే ఆపేయండి. గుడ్డు వేయాలా వద్దా అన్నది ఇటలీలోనే తేలని గొడవ. గుడ్డు సొన వేస్తే ముద్ద గట్టిగా పట్టుకుంటుంది, విడిపోతుందన్న టెన్షన్ ఉండదు, కానీ కొంచెం బిరుసొస్తుంది. నా సలహా, మొదటి రెండు మూడు సార్లు కిలోకి ఒక పచ్చసొన వేసుకోండి, చేయి తిరిగాక మానేయండి. సాసేజ్ కొవ్వులో వేయించబోతున్నారు కాబట్టి ఈ వంటకి ఆ కాస్త బిరుసు మంచిదే కూడా.

ముద్దని వేలు లావు తాళ్ళుగా దొర్లించి రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కోయాలి. ఆ ముక్కల్ని ఇటలీలో గీతలున్న చిన్న చెక్క మీద బొటనవేలితో నొక్కి దొర్లిస్తారు. మన ఇళ్ళలో సంక్రాంతికి గవ్వలు చేసే చెక్క ఉంటుంది కదా, అదే చాలు, చేసే పద్ధతి కూడా అదే. అది లేకపోతే ఫోర్కు వెనకవైపు నొక్కండి. ఈ గీతలు అందానికి మాత్రమే అనుకుని చాలామంది వదిలేస్తారు గానీ వాటికి పని ఉంది: బయట గీతల్లో సాస్ నిలుస్తుంది, బొటనవేలు నొక్కిన చోట మధ్యభాగం పల్చబడి న్యోకి లోపలా బయటా ఒకేసారి ఉడుకుతుంది.

కోసినవి అలా పెట్టేసి టీవీ ముందు కూర్చుంటే కుదరదు. దుంపలోని తడి నెమ్మదిగా మైదాలోకి వచ్చి, అరగంట గంటలో ఒకదానికొకటి అంటుకుపోతాయి. వెంటనే ఉడికించాలి, లేదా ట్రేలో విడివిడిగా పేర్చి డీప్ ఫ్రిజ్‌లో పెట్టి గట్టిపడ్డాక కవర్లో వేసుకోవాలి. గడ్డకట్టినవాటిని కరిగించకుండా నేరుగా మరిగే నీళ్ళలో వేయొచ్చు.

ఉడికించే నీళ్ళకి లీటరుకి 10 గ్రాముల ఉప్పు చాలు. అన్నీ వేసేముందు ఒకటి రెండు వేసి చూడండి, విడిపోతే ముద్దలో ఇంకో చెంచా మైదా కలిపే అవకాశం అప్పుడే ఉంటుంది. మంచి న్యోకి మొదట మునిగి, రెండు మూడు నిమిషాల్లో పైకి తేలుతుంది. లోపల చిక్కిన గాలి, ఆవిరి వేడికి వ్యాకోచించి, ముక్క ఉబ్బి, నీటికంటే తేలికవడం వల్ల అలా జరుగుతుంది. తేలగానే ఉడికిపోయిందనే లెక్క, గుడ్డు వేసి ఉంటే మాత్రం ఇంకో అర నిమిషం ఉంచండి. చిల్లుల గరిటెతో తీయండి, జల్లెడలో ధడాలున వంచితే అడుగున ఉన్నవి నలిగిపోతాయి. ఆ తెల్లటి నీళ్ళు ఒక గ్లాసుడు దాచుకోండి, తర్వాత చెప్తాను ఎందుకో.

ఇంత పని ఎవరు చేస్తారు అనేవాళ్ళ కోసం ప్యాకెట్లు ఉన్నాయి, వాటి గురించి తక్కువగా మాట్లాడటం నాకు నచ్చదు. షెల్ఫు మీద దొరికే గాలి తీసిన ప్యాకెట్లలో ఉండేది ఎక్కువగా ఎండబెట్టిన దుంప పొడి, గోధుమ పిండి, కొన్నిట్లో బియ్యప్పిండి. ఇంట్లో చేసినంత మెత్తగా ఉండవు, ఉడికిస్తే జిగురుగా నోటికి అతుక్కుంటాయి. కానీ వాటిని ఉడికించాల్సిన పనే లేదు. తయారీలోనే ఉడికి వచ్చినవి కాబట్టి నేరుగా మూకుడులో నూనె లేదా సాసేజ్ కొవ్వు మీద పేర్చి, రెండు చెంచాల నీళ్ళు చల్లి ఒక నిమిషం మూతపెట్టి, మూత తీసి ఎర్రగా వేయిస్తే బయట కరకర, లోపల మెత్తన. వారం మధ్యలో ఆఫీసు నుంచి వచ్చి చేసుకునే వంటకి ప్యాకెట్టే సరైనది, ఇంట్లో ముద్ద కలిపేది ఆదివారం పెట్టుకోండి.

ఇక్కడ కాసేపు ఇటలీకి వెళ్ళొద్దాం, ఎందుకంటే ఈ వంట ఎందుకింత కడుపు నింపుతుందో అక్కడ తెలుస్తుంది. దక్షిణ అమెరికా నుంచి దుంప యూరప్‌కి చేరింది 16వ శతాబ్దంలో, ఇటలీలో జనం దాన్ని మామూలుగా తినడం మొదలుపెట్టింది ఇంకా రెండు వందల ఏళ్ళు గడిచాకే. న్యోకి అంతకంటే పాతవి. దుంప రాకముందు గోధుమ పిండితో, ఎండిన బ్రెడ్ పొడితో, రవ్వతో చేసేవాళ్ళు, రోమ్‌లో ఇప్పటికీ రవ్వని పాలలో ఉడికించి, గుడ్డు, చీజ్ కలిపి బిళ్ళలుగా కోసి ఒవెన్‌లో కాల్చే రకం ఉంది. వెరోనా నగరంలో కార్నివాల్ (ఈస్టర్ ముందు ఉపవాసాలు మొదలయ్యేలోపు జరిగే సంబరాలు) చివరి శుక్రవారం న్యోకి పండగ జరుగుతుంది, సాన్ జెనో పేటవాళ్ళు ఒకరిని న్యోకి తండ్రిగా ఎన్నుకుంటారు, ఆయన పెద్ద ఫోర్కుకి న్యోకి గుచ్చి పట్టుకుని ఊరేగుతాడు. 1531లో కరువు వచ్చినప్పుడు తొమ్మాసో ద వీకో అనే వైద్యుడు ఆ పేటలోని పేదలకి తిండి పంచాడని, పండగ ఆయనతో మొదలైందని అక్కడ చెప్పుకుంటారు. అప్పటికి వెరోనాలో దుంపే లేదు కాబట్టి ఆ కథలో న్యోకి పిండివే అయ్యుండాలి.

రోమ్‌లో గురువారం న్యోకి తినే అలవాటు, శుక్రవారం మాంసం మానేసే ఉపవాసం ఉంటుంది కాబట్టి ముందురోజు కడుపునిండా తినేవాళ్ళు. ఇటాలియన్లు వలస వెళ్ళిన అర్జెంటీనాలో ప్రతి నెల 29న న్యోకి చేసుకుంటారు, పళ్ళెం కింద ఒక నోటు పెట్టుకుంటే డబ్బు కలిసొస్తుందని నమ్మకం. నెలాఖరుకి చేతిలో డబ్బు అయిపోయినప్పుడు కూడా ఇంట్లో దుంపలు, పిండి ఉంటాయి కదా. ఇది మొదటినుంచీ తక్కువ ఖర్చులో ఎక్కువమందికి కడుపు నింపే తిండి, అందులో మాంసం పడితే అది రుచి కోసం కొద్దిగా పడేది. అందుకే నలుగురికి కిలో న్యోకి చేసినా సాసేజ్ 400 గ్రాములు దాటనివ్వకండి.

సాసేజ్, ఆకుకూర జోడీ మాత్రం ఎక్కువగా దక్షిణ ఇటలీది. నేపుల్స్‌లో ఆవాల కుటుంబానికి చెందిన ఒక చేదు ఆకుకూర లేత కొసల్ని వెల్లుల్లి, ఎండుమిరపతో వేయించి పంది మాంసం సాసేజ్‌తో తింటారు. అక్కడి ఆడవాళ్ళు మగవాళ్ళు అందరికీ ప్రాణమైన తిండి అది. సాసేజ్‌కి క్రీమ్ కలపడం మధ్య ఇటలీలో ఉంబ్రియా ప్రాంతపు నోర్చా ఊరి పేరు మీద ఉన్న పద్ధతి, ఆ ఊరు పంది మాంసం పనివాళ్ళకి పేరుపడింది. 1880 నుంచి 1920ల మధ్య నలభై లక్షలకి పైగా ఇటాలియన్లు అమెరికా వెళ్ళారు, ఎక్కువమంది దక్షిణాదివాళ్ళే, అమెరికాలో ఇటాలియన్ సాసేజ్ అంటే సోంపు వేసినదే అవడానికి అదే కారణం. ఈ వేర్వేరు ఊళ్ళ పద్ధతులు ఒకే మూకుడులో కలిస్తే మనం ఇప్పుడు చేసుకునే వంట వచ్చింది.

ఇక సాసేజ్. ఇందులో రెండు జాతులున్నాయి, తేడా తెలియకపోతే రెసిపీ అర్థం కాదు. రెసిపీలు చెప్పేది పచ్చి సాసేజ్ గురించి: మసాలా కలిపిన కీమాని పేగు తొడుగులో నింపింది. ఆ తొడుగు చీల్చి లోపలిది మూకుడులోకి వేసి గరిటెతో పొడుస్తూ వేయిస్తారు. మన దగ్గర ఫ్రోజెన్ పెట్టెల్లో ఎక్కువగా దొరికే చికెన్ సాసేజ్‌లు మెత్తగా రుబ్బి, ముందే ఉడికించినవి, అవి పొడి అవ్వవు, బిళ్ళలుగా కోసి వేయించుకోవడమే. రుచి అంత రాదు. నన్నడిగితే ఇంట్లో కలుపుకోవడం మేలు: చికెన్ తొడ మాంసం లేదా పంది మాంసం కీమా 400 గ్రాములు, ఉప్పు ఒక చెంచా, కచ్చాపచ్చాగా దంచిన సోంపు ఒక చెంచా, ఎండుమిరప పలుకులు, మిరియాల పొడి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చికెన్ అయితే రెండు చెంచాల నూనె. రెండు నిమిషాలు గట్టిగా పిసికితే జిగురుగా అవుతుంది. ఉప్పు మాంసంలోని ప్రొటీన్లని కొంత కరిగించి నీటిని పట్టి ఉంచేట్టు చేస్తుంది, గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచితే ఆ పట్టు ఇంకా పెరుగుతుంది. పిసకకుండా వేసిన కీమా మూకుడులో నీళ్ళు వదిలి అందులోనే ఉడుకుతుంది.

ఎర్రగా వేగడం అంటే ఏమిటి? మాంసం పైన ఉన్న ప్రొటీన్లు, చక్కెరలు సుమారు 140 డిగ్రీల దగ్గర కలిసి కొత్త రుచులు పుట్టిస్తాయి. నీళ్ళు 100 డిగ్రీల్లో మరుగుతాయి, కాబట్టి మూకుడులో తడి ఉన్నంతసేపూ వేడి దాన్ని దాటదు. అందుకని పెద్ద ఇనప మూకుడు బాగా వేడెక్కాక, మాంసాన్ని ఒకటే పొరగా పరిచి, మూడు నిమిషాలు కదపకుండా వదిలేయాలి. గరిటె తిప్పుతూ ఉండాలన్న కోరికని ఆపుకోవడమే ఇందులో కష్టం. కిందివైపు ఎర్రబడ్డాక తిరగేసి పొడవండి. పంది మాంసం 71 డిగ్రీలు, చికెన్ 74 డిగ్రీలు లోపలిదాకా చేరాలి, రంగు చూసి ఉడికిందనుకోవద్దు. వేగింది పక్కకి తీసి, కొవ్వు మూకుడులోనే ఉంచండి.

ఆ కొవ్వులో న్యోకి ఒకటే పొరగా వేసి రెండువైపులా రంగు తెప్పించి తీసేయండి. ఇంట్లో చేసినవైతే ఉడికించాక పది నిమిషాలు పళ్ళెంలో ఆరనిచ్చి వేయండి, తడిగా వేస్తే అడుగంటుతాయి.

ఆకుకూర దగ్గర ఒక లెక్క చెప్తాను. పాలకూరలో 91 శాతం నీళ్ళు. 300 గ్రాముల పాలకూర వేశారంటే గ్లాసు కంటే ఎక్కువ నీళ్ళని సాస్‌లో పోసినట్టే, ఎర్రగా వేయించిన న్యోకి అందులో నాని మెత్తబడకుండా ఎలా ఉంటుంది? అందుకే పాలకూరని విడిగా, వేడి పెనం మీద కొంచెం కొంచెంగా వాడ్చి, చల్లారాక గట్టిగా పిండి చివర్లో కలపాలి. క్యాబేజీ జాతికి చెందిన కేల్ ఆకు వేరు, ఆకు మందం, ఈనె గట్టి. ఈనె తీసేసి, తరిగి, సాస్‌లోనే ఐదారు నిమిషాలు మగ్గనివ్వాలి. మూత పెట్టొద్దు. ఆకులోంచి ఆవిరితో వచ్చే ఆమ్లాలు మూత కింద చిక్కుకుని పచ్చరంగుని మట్టిరంగుగా మార్చేస్తాయి. నిమ్మరసం ముందే పిండితే కూడా అదే జరుగుతుంది, అది పళ్ళెంలో పిండుకోవాలి.

మన ఆకుకూరల్లో నేపుల్స్ కూరకి దగ్గరి చుట్టం లేత ఆవాకు, దొరికితే అదే వాడండి. ఆ చేదు, ఘాటు సాసేజ్ కొవ్వుని విరుస్తాయి, ఈ జోడీ నిలబడిందే దానివల్ల. మెంతికూర క్రీమ్‌తో చాలా బాగుంటుంది, తోటకూర మెత్తగా ఒదిగిపోతుంది. గోంగూర, చుక్కకూర వేస్తే పులుపుకి క్రీమ్ విరుగుతుంది. గోంగూర వేయాలనే ఉంటే క్రీమ్, చీజ్ రెండూ మానేసి, సాసేజ్‌లో వెల్లుల్లి, ఎండుమిరప పెంచి న్యోకితో వేయించండి. అది ఇటలీ వంట అనిపించుకోదు, కానీ నేను ఎవరికైనా ధైర్యంగా వడ్డిస్తాను.

కలిపేటప్పుడు: న్యోకి తీసిన మూకుడులో ఒక ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చిటికెడు ఎండుమిరప పలుకులు మగ్గనిచ్చి, దాచుకున్న న్యోకి నీళ్ళు అర గ్లాసు పోసి అడుగున అంటిన ఎర్రటిదంతా గీకండి. ప్యాకెట్ న్యోకి నేరుగా వేయించి ఉంటే ఆ నీళ్ళు ఉండవు కాబట్టి మామూలు నీళ్ళు పోసి, నాలుగైదు న్యోకిని అందులో చిదిమేయండి. ఎందుకంటే కొవ్వు, నీళ్ళు వాటంతట అవి కలవవు, స్టార్చ్ ఉంటే రెండిటినీ విడిపోకుండా పట్టుకుని సాస్ చిక్కబడుతుంది. కేల్ లేదా ఆవాకు ఇప్పుడు వేయాలి. మగ్గాక మంట తగ్గించి 100 మిల్లీలీటర్ల క్రీమ్. ఇండియాలో ప్యాకెట్లలో దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు సాధారణంగా 25 శాతమే, విదేశాల్లో రెసిపీలు రాసేవాళ్ళు వాడేదాంట్లో 35 శాతం పైన ఉంటుంది. కొవ్వు తక్కువున్న క్రీమ్ మరిగిస్తే త్వరగా విరుగుతుంది, అందుకని చివర్లో వేసి వేడెక్కగానే ఆపండి. సాసేజ్, న్యోకి, పిండిన పాలకూర కలిపి, స్టవ్ ఆపేశాక తురిమిన పార్మెజాన్ అనే గట్టి ఇటాలియన్ చీజ్ 40 గ్రాములు. మంట మీద ఉండగా చీజ్ వేస్తే ఉండ కట్టి గరిటెకి చుట్టుకుంటుంది. ఉప్పు రుచి చూడాల్సింది ఇదంతా అయ్యాకే, సాసేజ్‌లో, చీజ్‌లో, ఉడికించిన నీళ్ళలో ఇప్పటికే ఉప్పు ఉంది.

మాంసం తిననివాళ్ళు సాసేజ్ బదులు పుట్టగొడుగుల్ని అదే సోంపు, మిరప, వెల్లుల్లితో పొడి మూకుడులో నీళ్ళు ఇంకేదాకా వేయించి వాడుకోవచ్చు. ఒక్క విషయం మాత్రం చూసుకోండి, ఇటలీ నుంచి వచ్చే అసలు పార్మెజాన్, అంటే పార్మిజానో రెజ్జానోలో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ వాడాలని అక్కడి నిబంధన. శాకాహారులు అయితే ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉన్న చీజ్ కొనుక్కోవాలి.

మిగిలితే మర్నాడు మైక్రోవేవ్‌లో పెట్టకండి. చల్లారిన స్టార్చ్ గట్టిపడుతూ పట్టుకున్న నీటిని వదిలేస్తుంది, మైక్రోవేవ్‌లో న్యోకి ఒకవైపు రబ్బరు, ఇంకోవైపు జావ అవుతుంది. పెనం మీద చెంచాడు వెన్న వేసి, మిగిలినదాన్ని పల్చగా పరిచి, కదపకుండా అడుగు ఎర్రబడనివ్వండి. పైన ఒక గుడ్డు కొట్టి వేస్తే పొద్దున్న టిఫిన్‌కి సరిపోతుంది.